బాతు కడుపు చల్లగా



ఈ పూట మాట బాతుల గురించి. బాతుకేముంది, నీళ్ళల్లో తిరిగి తన కడుపు తనే నింపుకుంటుంది అంటారు. ఆ మాట నిజమే. బాతు కోడి కంటే గట్టి పక్షి. వానకు తడిసినా వణకదు. గడ్డి గింజ, పురుగు, నత్త, చిన్న చేప ఏది దొరికితే అది తింటుంది. వరి కోసిన మడిలో వదిలితే రాలిన గింజను ఒక్కటి కూడా వదలదు.

మరి అంత గట్టి పక్షి ఎందుకు చస్తుంది? రాత్రి గంప కింద మూసినప్పుడు బాగానే ఉన్న పిల్లలు తెల్లారేసరికి కాళ్ళు చాపి పడి ఉంటాయి. దిష్టి తగిలిందంటారు. గాలి సోకిందంటారు. చాలాసార్లు అసలు గొడవ కడుపులో ఉంటుంది. కడుపులోకి ఏం పోయిందో అడగకుండా మందు కోసం అడవికి పరుగెత్తితే ఆ మందు పని చేయదు. ముందు మేత సంగతి, తరువాత ఆకు సంగతి.

భద్రాచలం చుట్టుపక్కల ఊళ్ళకు రెండు వైపులా సంపద ఉంది. ఒక వైపు గోదావరి, కిన్నెరసాని, తాలిపేరు, వాటి వాగులు, కుంటలు. ఇంకో వైపు అడవి. 2016లో ఖమ్మం జిల్లా నుంచి భద్రాద్రి కొత్తగూడెం జిల్లా వేరుపడింది. జిల్లా పేరు మారినా చర్ల, దుమ్ముగూడెం, ములకలపల్లి, అశ్వారావుపేట వైపు వాగులూ అడవీ అవే. పది బాతులు పెట్టుకున్న ఇంట్లో గుడ్ల డబ్బు చాలా వరకు ఆడమనిషి చేతికి వస్తుంది. బాతు గుడ్డు 65 నుంచి 70 గ్రాములు తూగుతుంది. కోడిగుడ్డు కంటే పెద్దది. పిల్లకు పలక కొనాలన్నా, సంఘంలో పొదుపు కట్టాలన్నా ఆ గుడ్లే ఆధారం. నాలుగు బాతులు చస్తే పోయేది నాలుగు బాతులే కాదు. ఆ ఏడాది చేతి ఖర్చంతా పోతుంది.

బాతు కడుపు ఎట్లా ఉంటుందో కాస్త చూడండి. కోడికి మెడ కింద మేత దాచుకునే సంచి ఉంటుంది. బాతుకు అట్లాంటి నిండు సంచి లేదు. అందుకే బాతు ఒక ముక్క మేత, ఒక గుక్క నీళ్ళు అన్నట్టు తింటుంది. పొడి తౌడు వేస్తే ముక్కుకు అంటుకుని అవస్థ పడుతుంది. మేత తడిపి ముద్దగా పెట్టాలి. పక్కనే 5, 6 అంగుళాల లోతు నీళ్ళు ఉండాలి. తల ముంచి ముక్కు కడుక్కునేంత లోతు అది. ఈదడానికి చెరువు లేకపోయినా బాతు బతుకుతుంది. తల ముంచే నీళ్ళు లేకపోతే మాత్రం కళ్ళకు, ముక్కుకు జబ్బు చేస్తుంది.

మింగిన మేత కందెనకాయలోకి పోతుంది. కందెనకాయ ఇసుర్రాయి లాంటిది. బాతు మింగిన ఇసుక, చిన్న రాళ్ళు అందులో మేతను నలుపుతాయి. అక్కడి నుంచి మేత పేగుల్లోకి పోతుంది. పేగు లోపల గోడ నున్నగా ఉండదు. నారుమడిలో నారు మొలిచినట్టు సన్నని వేళ్ళలాంటివి లోపలంతా నిలబడి ఉంటాయి. మేతలోని సారాన్ని పీల్చుకునేవి అవే. నారు కుళ్ళితే పంట లేదు. పేగులోని ఈ నారు దెబ్బతింటే బాతు ఎంత తిన్నా ఒంటికి పట్టదు, గుడ్డు పెట్టదు, రెట్ట నీళ్ళలాగా పోతుంది.

పేగులో కంటికి కనపడని క్రిములు కోట్లకొద్దీ ఉంటాయి. వాటిలో మంచివీ ఉన్నాయి, చెడ్డవీ ఉన్నాయి. పాలను పెరుగు చేసే క్రిమిలాంటివి మంచివి. మంచివి నిండుగా ఉంటే చెడ్డవాటికి చోటు దొరకదు. ఆకులు, వేర్లు, గింజలు చేసే మేలు ఈ లెక్కలోనే ఉంది. కొన్ని చెడ్డ క్రిములను తగ్గిస్తాయి. కొన్ని పేగు గోడ వాపు తగ్గిస్తాయి. కొన్ని ఆకలి పుట్టిస్తాయి.

అయితే ఒక శత్రువు ముందు ఏ ఆకూ నిలవదు. దాని పేరు బూజు.

ఏ ఇంట్లోనైనా వినపడే మాట ఇది. బాతు పిల్లలు తూలుతుంటాయి.

"నేలవేము నూరి పొయ్యవే, తగ్గుతది" అంటుంది అత్త.

"పోసిన అత్తమ్మా. రెండు దినాలు పోసిన. అయినా ఇంకో రెండు చచ్చినయ్" అంటుంది కోడలు.

"మేత ఏమేస్తున్నవే?"

"మక్కలే. అడుగున తడిసి ముక్కినయ్. మనం తినలేం గదా, పారెయ్యలేక వీటికి ఏసిన."

అక్కడే ఉంది చావు. మనిషి తినలేని గింజ బాతుకు పనికొస్తుందనుకోవడం పెద్ద పొరపాటు. ఇంట్లో ఉన్న జీవాలన్నిటిలో బూజు విషానికి ముందు పడిపోయేది బాతు పిల్లే.

ఈ సంగతి లోకానికి తెలిసింది 1960లో. ఆ ఏడు ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ కోళ్ళు చచ్చాయి. బాతు పిల్లలు కూడా చచ్చాయి. ఏ అంటురోగమో అనుకున్నారు. చివరికి చూస్తే అవన్నీ తిన్నది బ్రెజిల్ దేశం నుంచి ఓడలో వచ్చిన పల్లి చెక్క. దానికి బూజు పట్టింది. ఆ బూజు పుట్టించిన విషానికి అఫ్లటాక్సిన్ అని పేరు పెట్టారు. తరువాత మేతలో విషం ఉందో లేదో చూడటానికి పరీక్షశాలల్లో బాతు పిల్లలకు పెట్టి చూసేవాళ్ళు. అంత తొందరగా దానికి విషం ఎక్కుతుందన్నమాట. ఆ విషం ముందు కార్జాన్ని తింటుంది. పేగును కూడా పాడు చేస్తుంది.

గోదావరి ఒడ్డు ఊళ్ళకు ఈ బూజు భయం మరీ ఎక్కువ. భద్రాచలం దగ్గర నీళ్ళు 43 అడుగులకు వస్తే మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో 75.6 అడుగులకు వచ్చింది. 2022 జులైలో 71.3 అడుగులకు వచ్చింది. అట్లాంటి వరదలో గాదెలు తడుస్తాయి, బస్తాలు తడుస్తాయి. నీళ్ళు తీశాక జనం తడిసిన గింజను ఎండబోస్తారు. పైన ఎండినట్టు కనపడుతుంది, లోపల తేమ ఉంటుంది. వారం తిరగకుండా ముక్క వాసన కొడుతుంది. వరద రాకపోయినా శ్రావణం, భాద్రపదం ముసురులో ఇదే సంగతి.

బూజు పట్టిన గింజను కడిగినా విషం పోదు. ఉడకబెట్టినా పోదు. పసుపు కలిపినా పోదు. పచ్చగా, నల్లగా బూజు కనపడినా, ముక్క వాసన వచ్చినా ఆ గింజను గొయ్యి తీసి పూడ్చాలి. కోళ్ళకూ వేయవద్దు. పాడి బర్రెకు అసలే వేయవద్దు. ఆ విషం పాలల్లోకి దిగుతుంది, ఆ పాలు పిల్లలు తాగుతారు. మంచి గింజ పంటి కింద కటుక్కుమనాలి. మెత్తగా నలిగితే ఇంకా ఎండాలి. పల్లి చెక్క కొంటే ముక్క విరిచి వాసన చూసి కొనండి. తడి మేత ఏ పూటది ఆ పూటే కలపాలి. మిగిలిందాన్ని సాయంత్రానికి తీసేసి తొట్టి కడిగి బోర్లించాలి. వానాకాలంలో రాత్రి ముద్ద తెల్లారేసరికి పులిసి బూజుకు దారి ఇస్తుంది.

ఇంతవరకు చేస్తే సగం జబ్బులు ఇంటి గడప ఎక్కవు. ఇక ఆకుల సంగతి.

మందు మొక్కల్లో పసుపును ముందు చెప్పాలి. మేతలో పసుపు కలిపి కోళ్ళ మీద, బాతుల మీద చాలా చోట్ల చూశారు. సాధారణంగా కిలో మేతకు 5 నుంచి 10 గ్రాములు కలుపుతారు. చిన్న చెంచా తలగొట్టి తీస్తే సుమారు 3 గ్రాములు. అంటే కిలోకు ఒకటిన్నర, రెండు చెంచాలతో మొదలుపెడితే చాలు. పసుపులో కుర్కుమిన్ అనే పదార్థం ఉంది. చైనాలో పరిశోధకులు బూజు విషం కలిసిన మేత తిన్న బాతులకు కుర్కుమిన్ ఇచ్చి చూశారు. పేగు గోడకు తగిలే దెబ్బ కొంత తగ్గింది. కొంత తగ్గిందంటే విషం విరిగిందని కాదు. చెడ్డ మేత వేసి పసుపు చల్లితే సరిపోతుందనుకోవద్దు. పసుపు ఒంటికి తొందరగా పట్టదు. మిరియంతో కలిస్తే పడుతుంది. 1998లో బెంగళూరులో మనుషుల మీద దీన్ని చూశారు. మిరియంలోని పదార్థంతో కలిపి ఇస్తే కుర్కుమిన్ రక్తంలోకి 20 రెట్లు ఎక్కువ చేరిందని తేల్చారు. జలుబు చేస్తే పాలల్లో పసుపు, మిరియాలు కలిపి ఇచ్చిన అవ్వలు ఏ పరీక్షా చదవలేదు. పది బాతుల మేతకు నాలుగు మిరియపు గింజలు నలిపి వేస్తే సరిపోతుంది.

వాము ఇంకొకటి. వాములోని ఘాటు పదార్థం పేరు థైమాల్. యూరప్‌లో థైమ్, ఒరిగానో అనే ఆకుల్లో ఇదే రకం ఘాటు ఉంది. అక్కడ 2006 జనవరి 1 నుంచి కోళ్ళు, పందులు తొందరగా పెరగడానికి మేతలో యాంటిబయాటిక్ మందులు కలపడం నిషేధించారు. అప్పటి నుంచి మేత కంపెనీలు ఈ ఆకుల నూనెలను డబ్బాల్లో నింపి అమ్ముతున్నాయి. వామును ఎక్కువసేపు మరగబెడితే ఆ ఘాటంతా ఆవిరిలో పోతుంది. ఇల్లంతా వాసన వస్తుంది, గిన్నెలో ఏమీ మిగలదు. దంచి, వేడి నీళ్ళల్లో వేసి, మూత పెట్టి, చల్లారాక ఆ నీళ్ళతో మేత తడపాలి. కిలో మేతకు పెద్ద చిటికెడు చాలు.

వెల్లుల్లి రెండు మూడు రెబ్బలు దంచి కిలో మేతలో కలపవచ్చు. వెల్లుల్లి గానీ ఉల్లి గానీ మోతాదు మించితే బాతుకు రక్తం తగ్గుతుంది. బాగా పని చేసిందని రెట్టింపు వేయవద్దు.

నేలవేము అడవి అంచు ఊళ్ళకు కొత్త కాదు. నాలుక మీద పెడితే రోజంతా చేదు పోదు. జ్వరానికి కషాయం కాచి తాగుతారు. థాయిలాండ్‌లో కోళ్ళ మేతలో దీన్ని కలిపి చూశారు. బాతు చేదును ఇష్టపడదు. పచ్చి ఆకు రసం గొంతులో పోస్తే అది ఊపిరి గొట్టంలోకి పోయి బాతు అక్కడికక్కడే చావవచ్చు. నీడలో ఆరబెట్టి పొడి చేసి, కిలో మేతకు 2 గ్రాములు మించకుండా, అంటే చెంచాలో సగం దాటకుండా కలపండి. వరసగా మూడు నాలుగు రోజులు ఇచ్చి ఆపాలి.

రెట్టలు పలచగా పోతే కొడిశపాల చెక్క, మారేడు పిందె, దానిమ్మ తొక్క, కరక్కాయ వాడే ఇళ్ళున్నాయి. వీటిలో చాలా వాటికి వగరు ఉంటుంది. వగరు పేగును బిగిస్తుంది. అదే వగరు ఎక్కువ రోజులు ఇస్తే మేతలోని మాంసకృత్తులను కూడా పట్టేసి ఒంటికి అందనివ్వదు. పిల్లలు ఎదగవు. రెండు మూడు రోజులు ఇచ్చి మానేయాలి. ఇంకో మాట. బాతు రెట్ట మామూలుగానే కోడి రెట్ట కంటే నీళ్ళగా ఉంటుంది. అది చూసి కంగారుపడి వగరు పోయవద్దు. బాతు తింటూ, అరుస్తూ, నీళ్ళకు పరుగెడుతుంటే దానికి రోగం లేదు.

మునగాకు మందు కాదు, మంచి మేత. ఆరబెట్టి నలిపి రోజూ పిడికెడు వేయవచ్చు. తౌడు కూడా మానవద్దు. మక్కలు మాత్రమే తిన్న బాతు పిల్లల కాళ్ళు వంకర పోతాయి. తౌడులో ఉండే ఒక విటమిన్ బాతు పిల్లకు కోడిపిల్ల కంటే ఎక్కువ కావాలి.

ఆముదం గింజ, గురివింద గింజ, ఉమ్మెత్త, గన్నేరు, ఇవి విషాలు. మందు పేరు చెప్పి ఎవరు ఇచ్చినా బాతుకు పెట్టవద్దు. మోదుగ గింజ పురుగుల మందని పెద్దలకు తెలుసు. అది పెద్ద జీవాలకు తూకం చూసి ఇచ్చేది, చిన్న పక్షికి ఎక్కువైతే ప్రమాదం. నత్తలు తినే బాతులకు కడుపులో పురుగులు పడతాయి. వాటికి పశువుల ఆస్పత్రిలో అడిగి మందు వేయించడం మేలు.

ఈ చెట్ల సంగతులు తెలిసినవాళ్ళలో ఆడవాళ్ళే ఎక్కువ. 1992లో కొందరు పశువైద్యురాళ్ళు ఆంత్ర అనే సంస్థ పెట్టారు. గిరిజన ఊళ్ళల్లో తిరిగి, జీవాలకు ఏ మొక్క ఎట్లా వాడతారో అడిగి రాసుకున్నారు. చదివిన డాక్టరమ్మలు చదువు రాని అవ్వల దగ్గర కూచుని రాసుకున్నారు. అవ్వలు చెప్పిందంతా గుడ్డిగా నమ్మలేదు, కొట్టిపారేయనూ లేదు. పనిచేసేది ఏదో, చేయనిది ఏదో పరీక్షించి చూశారు. ఆకు మందును చూడవలసిన పద్ధతి అదే.

ఆకు చేయలేని పని కూడా తెలియాలి. బాతు ప్లేగు అనే రోగం ఉంది. బాతు వెలుతురు చూడలేదు, రెక్కలు వాలుస్తుంది, ఆకుపచ్చగానో నెత్తురుతోనో రెట్ట పోతుంది, రెండు మూడు రోజుల్లో చస్తుంది. ఒకటి తరువాత ఒకటి పోతాయి. దానికి నేలవేమూ పనిచేయదు, సూదీ పనిచేయదు. రాకముందే టీకా వేయించాలి. 8 నుంచి 12 వారాల వయసులో వేస్తారు. ఒక్క ఇంటి బాతుల కోసం మందు సీసా విప్పడం కష్టమంటారు. వాడ మొత్తం కలిసి, ఇన్ని బాతులున్నాయని లెక్క చెప్పి అడిగితే పని అవుతుంది.

బర్డ్ ఫ్లూ సంగతి విన్నారు కదా. 2014 నవంబరులో కేరళలోని కుట్టనాడులో బాతులకు వచ్చింది. వేల బాతులను చంపి కాల్చవలసి వచ్చింది. ఒకేసారి చాలా బాతులు చస్తే వాటిని వాగులో విసరవద్దు, కోసి తినవద్దు, కబురు పంపండి. ఎండాకాలంలో ఇంకొక ప్రమాదం. కుంట ఎండి, చచ్చిన చేపలు కుళ్ళి పురుగు పట్టిన చోట బాతులు తింటే మెడ వాలిపోతుంది. అది కుళ్ళు విషం. అట్లాంటి కుంటకు బాతులను తోలవద్దు.

మనుషుల యాంటిబయాటిక్ గోలీ కొని విప్పి నీళ్ళల్లో కలిపే అలవాటు కొన్ని ఊళ్ళల్లో ఉంది. అది మానాలి. ఆ మందు గుడ్డులోకి వస్తుంది. పిల్లలు ఆ గుడ్డు తింటారు. క్రిములు కూడా ఆ మందుకు అలవాటు పడి మొండికేస్తాయి. రేపు పిల్లకు జబ్బు చేస్తే అదే మందు పని చేయదు. కోళ్ళ మేతలో వాడే కొలిస్టిన్ అనే మందును మన దేశంలో 2019 జులైలో ఇందుకే నిషేధించారు.

అడవి నుంచి తెచ్చేటప్పుడు ఒక జాగ్రత్త. కొడిశపాల చెక్కను మొదలు చుట్టూ ఒలిస్తే చెట్టు చస్తుంది. పక్క కొమ్మ నుంచి కొంచెం తీయాలి. నేలవేమును వేరుతో పీకకుండా పైభాగం కోయాలి. గింజ రాలేదాకా కొన్ని మొక్కలను ముట్టుకోవద్దు. ఒక పిడికెడు గింజ తెచ్చి బావి గట్టున, దొడ్లో నీడ పట్టున చల్లితే తొలకరికి మొలుస్తుంది. అప్పుడు బాతు కోసం అడవికే పోవలసిన పని ఉండదు.

మందు పని చేసిందో లేదో ఎట్లా తెలుస్తుంది? ఇప్పుడు అక్షరం వచ్చింది, అంకె వచ్చింది. పది బాతులుంటే అయిదింటి కాళ్ళకు గుడ్డపేలిక కట్టండి. రెండు గుంపులకూ ఒకే మేత, ఒకే నీళ్ళు. పేలిక కట్టిన అయిదింటికి మాత్రం పసుపు, వాము కలిపిన ముద్ద వేరే తొట్టిలో పెట్టండి. రాత్రి వేరు వేరు గంపల కింద మూయండి. బాతు తెల్లవారుజామున గుడ్డు పెడుతుంది, 9 గంటలలోపే పని అయిపోతుంది. ఏ గంప కింద ఎన్ని గుడ్లో లెక్క తేలిక. గోడ మీది క్యాలెండరులో ఆ తేదీ గడిలో రెండు అంకెలు వేయండి. నెల తిరిగాక రెండు వరసలూ కూడండి. తేడా లేకపోతే వాము డబ్బులు మిగిలినట్టే.

బాతు జబ్బు పడి పశువుల ఆస్పత్రికి పోయే రోజున కాగితం మీద నాలుగు మాటలు రాసుకుని పోవాలి. ఎన్ని బాతులు, ఎన్ని చచ్చాయి. ఏ రోజు మొదలైంది. రెట్ట ఏ రంగు. నిన్న, మొన్న ఏ మేత వేశారు, ఏ ఆకు పోశారు. ఆకు పోసినట్టు చెప్పడానికి సిగ్గుపడవద్దు. డాక్టరు అడిగే మొదటి నాలుగు ప్రశ్నలు అవే. అప్పుడే చచ్చిన బాతు ఉంటే ప్లాస్టిక్ సంచిలో కట్టి తీసుకుపోండి. కోసి కార్జం చూస్తే బూజు విషమో, వేరే రోగమో చెప్పడానికి వీలుంటుంది. తిరిగి వచ్చాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి.